నోరున్నది గాని చెవుల్లేవు



ఈ వారం ధ్యానం రాద్దామని కూర్చుని మూడుసార్లు లేచాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. కోపం వచ్చినా అది పాపానికి దారి తీయకూడదని పౌలు ఎఫెసు సంఘానికి రాశాడు కదా. ఆ హద్దులో ఉండి రాయాలని ప్రయత్నిస్తాను. ఎక్కడైనా దాటితే మందిరంలో కలిసినప్పుడు నాకు చెప్పండి.

మన సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు రాయవద్దంది. వయసు 60 దాటింది. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. భర్త చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు. ఇక్కడికి వచ్చాక కౌలుకు పొలం పట్టి పసుపు వేశాడు. పోయిన ఏడాది దసరాకు ముందు గుండెనొప్పితో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. అన్నేళ్ల ఎడారి కష్టంలో మిగిలిందేమైనా ఉందంటే అది ఆయన కట్టిన ఒక బీమా పాలసీ. ఏ కంపెనీదో రాయను. రాస్తే ఆ ఒక్కటే చెడ్డదనీ మిగతావన్నీ మంచివనీ మీరనుకుంటారు.

పాలసీ కట్టించిన ఏజెంటు ఫోన్ ఎత్తడు. నిజామాబాద్‌లో ఉన్న బ్రాంచి ఎత్తేసి, షట్టర్ మీద ఒక కాగితం అంటించి పోయారు. కాగితం మీద ఒక నంబరు. అంతే, ఇక ఆ నంబరే ఆఫీసు, ఆ నంబరే మేనేజరు, ఆ నంబరే దేవుడు.

పెద్దమ్మ ఇంట్లో నాలుగు రోజులు తంటాలు పడి, అయిదో రోజు ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమెకు అంకెలు రావని కాదు. వేల బీడీలు లెక్కపెట్టి కట్టలు కట్టిన చేతులవి. ఆమె కష్టం వేరే. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే అంకె నొక్కరాదు. అంకె నొక్కుదామని ముందుకు తెస్తే ఆ గొంతు వినపడదు. తెలుగు కోసం ఏది నొక్కాలో విని, వేలు పెట్టేసరికి ఆ మాట మళ్లీ మొదటికి వస్తుంది. మా అమ్మగారు స్పీకర్ పెట్టి ఇచ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

పాట వచ్చింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని వచ్చింది. మళ్లీ పాట. మళ్లీ ముఖ్యమని. పెద్దమ్మ ఆ మాట వచ్చిన ప్రతిసారీ "ఆఁ బిడ్డా, చెప్పు" అంటూనే ఉంది. అది మనిషి కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

చివరికి నిజంగానే ఒక అమ్మాయి పలికింది. గొంతు మర్యాదగానే ఉంది. పాలసీ నంబరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది. తర్వాత, "మీ రిజిస్టర్డ్ మొబైల్‌కు ఓటీపీ పంపించాం మేడమ్, చెప్పగలరా?" అంది.

"గా ఫోను ఆయనది బిడ్డా. సిమ్ము బందయింది."

"పాలసీదారుడు లైన్‌లోకి వస్తేనే వివరాలు చెప్పగలం మేడమ్. ఆయన ఎప్పుడు అందుబాటులో ఉంటారు?"

"ఆయన లేడు బిడ్డా. కాలం జేసిండు. గందుకే గద ఫోన్ జేసింది."

అవతల కీబోర్డు చప్పుడు. తర్వాత అదే గొంతు, అదే మర్యాద. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. భద్రతా కారణాల వల్ల పాలసీదారుతో మాత్రమే మాట్లాడగలం. ఆయన వచ్చాక ఒకసారి కాల్ చేయించండి."

ఆయన వచ్చాక!

మనం పునరుత్థానాన్ని నమ్మేవాళ్లమే. ఆయన లేస్తాడు, సందేహం లేదు. కాని ఆ ఉదయాన బీమా కంపెనీకి ఫోన్ చేయించే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు.

అసలు బాధ ఇంకా ఉంది. కాల్ అయిపోయాక మా సేవకు 1 నుంచి 5 వరకు మార్కులు వేయమని ఒక సందేశం పలికింది. పెద్దమ్మ నన్నడిగి 5 నొక్కింది. "ఎందుకమ్మా?" అన్నాను. "పిల్ల మంచిగ మాట్లాడింది గదయ్యగారూ. పాపం, దాని పని అది జేసింది" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత నేను చేశాను. 47 నిమిషాలు. ఈసారి వేరే పిల్లవాడు ఎత్తాడు. అవే ప్రశ్నలు. మరణ ధృవీకరణ పత్రం మున్సిపాలిటీ నుంచి తెచ్చాం, నామినీ ఈమే, కాగితాలు ఎక్కడ ఇవ్వాలో ఒక్క చిరునామా చెప్పండి అన్నాను. వెబ్‌సైట్ చూడమన్నాడు. మీ పై అధికారికి ఇవ్వండి అన్నాను. 48 గంటల్లో వాళ్లే చేస్తారన్నాడు. అప్పుడు నేను అరిచాను. మందిరంలో పిల్లలు అల్లరి చేస్తే కూడా ఎత్తని గొంతు ఎత్తాను. నువ్వు మనిషివేనా, నీకు తల్లి లేదా అన్నాను. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత, "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అన్నాడు. ఆ గొంతు కొద్దిగా వణికింది. నేను ఫోన్ పెట్టేశాను. 48 గంటలు కాదు, ఇవాళ్టికి 11 రోజులు. ఎవరూ చేయలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన సంఘపు బిడ్డ ఒకతి హైదరాబాద్‌లో, మాదాపూర్ వైపు, ఇలాంటి ఆఫీసులోనే పనిచేస్తుంది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం దొరక్క, మన ప్రార్థనల్లో ఆ బిడ్డ పేరు ఎన్నిసార్లు ఎత్తామో మీకు తెలుసు. ఉద్యోగం వచ్చినప్పుడు కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చారు. మర్నాడు ఆమెకు ఫోన్ చేసి అడిగాను. ఆమె చెప్పింది విన్నాక నేనా పిల్లవాణ్ని అన్న మాటలు నాకే తిరిగి తగిలాయి.

ఒక్కో కాల్‌కు సగటున ఇన్ని నిమిషాలని లెక్క ఉంటుందట. అది దాటితే నెలాఖరున మార్కులు తగ్గుతాయి. పక్కన ఎవరో ఒకరు వింటూ ఉంటారు, లేదా రికార్డు చేసి తర్వాత వింటారు. మూత్రానికి లేచినా లెక్కే. ఇంకో సంగతి చెప్పింది, అది నా గుండెలో గుచ్చుకుంది. సానుభూతికి కూడా మార్కులున్నాయట. కస్టమరు బాధ చెప్పుకున్నప్పుడు చింతిస్తున్నామన్న వాక్యం చెప్పారా లేదా అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్ పెడతారు. "చెప్పాల్సిన మాట చెప్పకపోతే మార్కు పోతది అయ్యగారూ. చెప్పి ఊకుంటే మార్కొస్తది. నిజంగ బాధపడి అయిదు నిమిషాలు ఎక్కువ మాట్లాడితే అండ్ల గూడ మార్కు పోతది" అంది.

కనికరానికి గడి గీసి, నిజమైన కనికరానికి కోత పెట్టారన్నమాట. ఇది చేతకానితనం కాదు. ఏసీ గదిలో కూర్చుని, లెక్క గట్టి, ఇష్టపూర్వకంగా చేసిన పని. నిజామాబాద్ బ్రాంచిలో నలుగురు మనుషులుండేవాళ్లు. వాళ్ల జీతాలు మిగిలాయి, అద్దె మిగిలింది. అన్నిటికంటే పెద్ద మిగులు ఇంకొకటుంది. ఏడుస్తూ వచ్చిన విధవరాలి ముఖం చూడాల్సిన పని మిగిలిపోయింది. ముఖం చూస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అందుకే చూడని ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటుకు, మాదాపూర్‌లో కూర్చున్న మన బిడ్డల్ని కంచెలా నిలబెట్టారు. మన తిట్లు ఆ కంచెకు తగులుతాయి. లోపలివాళ్లకు తగలవు. పెద్దమ్మ ఇదంతా ఎవరూ చెప్పకుండానే ఎరిగింది, అందుకే 5 నొక్కింది. సెమినరీలో చదువుకున్న నేను అరిచాను.

మోసాలు ఎక్కువయ్యాయి, భద్రత కోసం ఓటీపీలు తప్పవు అని ఒక సహోదరుడు నాతో వాదించాడు. నిజమే. మన ఆర్మూర్‌లోనే ఎందరి డబ్బు ఫోన్ మాటలతో పోయిందో మీకు తెలుసు. ఎవరికైనా అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయకండి. కాని ఒక్క సంగతి ఆలోచించండి. మోసగాడు మన తల్లులతో గంటసేపు మాట్లాడతాడు. అమ్మా అని పిలుస్తాడు. అర్థం కాకపోతే మళ్లీ చెబుతాడు. ఫోన్‌లో ఎక్కడ నొక్కాలో చెయ్యి పట్టుకుని చూపించినట్టు చెబుతాడు. విసుక్కోడు, పాట పెట్టడు. దొంగకున్న ఓపిక దొరకు లేదు. మన ముసలివాళ్లు దొంగల చేతిలో ఎందుకు పడుతున్నారని అందరూ వాళ్ల అమాయకత్వాన్ని తప్పుపడుతున్నారు. ఓపికగా మాట్లాడేవాడు వాడొక్కడే అయినప్పుడు వాళ్లు ఇంకెవరి మాట వింటారు?

కర్మెలు కొండ మీద జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది, 1 రాజులు 18వ అధ్యాయం. బయలు ప్రవక్తలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కేకలు వేశారు. జవాబు లేదు. అప్పుడు ఏలీయా ఎగతాళి చేశాడు. మీ దేవుడు ఆలోచనలో మునిగాడేమో, పనిలో ఉన్నాడేమో, ఊరికి పోయాడేమో, పడుకున్నాడేమో, ఇంకాస్త గట్టిగా పిలవండి అన్నాడు. నేను చిన్నప్పుడు సండే స్కూల్లో అది విని నవ్వాను. 47 నిమిషాలు పాట విన్నాక ఆ ప్రవక్తల మీద కూడా కొంచెం జాలి కలిగింది. 115వ కీర్తన విగ్రహాల గురించి చెబుతుంది, నోరుండీ పలకవని, చెవులుండీ వినవని. ఈ కాలపు విగ్రహం ఇంకో మెట్టు ఎక్కింది. దీనికి నోరున్నది. 24 గంటలూ పలుకుతుంది. మన భాషలోనే పలుకుతుంది. చెవులే లేవు.

మన దేవుని స్వభావం దీనికి సరిగ్గా ఎదురు. నిర్గమకాండం 3వ అధ్యాయంలో మండుతున్న పొద దగ్గర ఆయన మోషేతో చెప్పిన క్రమం చూడండి. చూశాడు, మొర విన్నాడు, వాళ్ల దుఃఖం ఎరిగాడు, దిగివచ్చాడు. విని ఊరుకోలేదు. వినడం దిగిరావడంలో ముగిసింది. దిగిరావడం ఇష్టం లేనివాడు మొదట చేసే పని వినడం మానేయడం.

యోహాను 5వ అధ్యాయంలో బేతెస్ద కోనేరు దగ్గరున్న మనిషి గురించి నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. 38 ఏళ్ల రోగం. 5 మంటపాలు, వాటి నిండా రోగులు, అందరూ తమ వంతు కోసం. ఆ కాలపు వెయిటింగ్ లైన్ అనుకోండి. స్వస్థపడాలని ఉందా అని యేసు అడిగాడు. ఆ మనిషి అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. నీళ్లు కదిలినప్పుడు నన్ను దింపే మనిషి నాకు లేడు అన్నాడు. ఇన్నేళ్లూ ఈ జవాబును నేను అవిశ్వాసంగా బోధించాను. సాకు చెబుతున్నాడని అన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నాది తప్పు. ఆ మనిషి తన అసలు రోగం పేరు చెప్పాడు. కాళ్లు పడిపోవడం రెండోది. మొదటి రోగం, ఎవరూ లేకపోవడం. యేసు ఆ జవాబుకు ఆయన్ను గద్దించలేదన్నది గమనించండి. కోనేటి వరుస సంగతే ఎత్తలేదు. ఆయనే ఆ మనిషి అయ్యాడు.

మన జిల్లాకు ఈ పాఠం కొత్త కాదు. హైదరాబాద్ బస్సెక్కిన ప్రతిసారీ మనం డిచ్‌పల్లి దాటి వెళతాం. అక్కడి కుష్ఠు ఆసుపత్రి ఎవరు పెట్టారో మన పిల్లలకు చెప్పామా? ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ వైద్యురాలు, మెథడిస్టు మిషనరీ అయిన ఆమె భర్త జార్జ్ కెర్, 1907లో ఈ దేశానికి వచ్చారు. మన నిజామాబాద్ ప్రాంతంలో కుష్ఠు రోగుల్ని ఊరి బయటికి తోసేయడం కళ్లారా చూశారు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి మొదలైంది. నర్సా గౌడ్ అనే మన ప్రాంతపు హిందూ ధనికుడు దానికి పెద్ద మొత్తం విరాళమిచ్చాడు. ఆ రోజుల్లో మందంటే చాల్‌ముగ్రా నూనె, దాన్ని సూదితో ఒంట్లోకి ఎక్కించేవాళ్లు. ఈ రోజున్న మాత్రలు అప్పుడు లేవు. నేను అడిగేది ఇది. ఆ నూనె కంటే ముందు ఆ రోగులకు దొరికింది ఏమిటి? ముఖం తిప్పుకోకుండా చూసిన మనిషి. పుండు మీద చెయ్యి పెట్టిన మనిషి. అప్పటిదాకా లోకం వాళ్లతో దూరం నుంచే మాట్లాడింది.

ఇదంతా విని పాస్టర్‌గారు ఫోన్లకూ యంత్రాలకూ వ్యతిరేకి అనుకోకండి. 2016లో ఇ-నామ్ వచ్చినప్పుడు దేశంలో మొదట చేరిన యార్డుల్లో మన నిజామాబాద్ ఒకటి. పసుపు కొమ్ముకు, మండకు కంప్యూటర్‌లో ధర పడటం రైతుకు చెడ్డదని నేననను. తూకంలో, ధరలో మోసపోయిన రోజులు మా నాన్న తరం మరిచిపోలేదు. ఫోన్ సంగతీ అంతే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. అది కూడా కాల్ సెంటరే. హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లలే, కంప్యూటరే. కాని ఆ పిల్లలు ఫోన్ ఎత్తితే బండి కదులుతుంది. మన తెలుగు గడ్డ మీద పుట్టిన ఆ నంబరు ఎన్నో రాష్ట్రాలకు పోయింది. హైవే మీద పెర్కిట్ దగ్గర ప్రమాదం జరిగితే మనం మొదట నొక్కేది దాన్నే. విని దిగివచ్చే కాల్ సెంటర్ అది. కాబట్టి ఫోన్ మీద తప్పు వేయడానికి వీల్లేదు. మనిషిని దగ్గరికి చేర్చడానికి పెట్టారా, దూరంగా ఆపడానికి పెట్టారా అన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఎవరికీ చెప్పుకోలేని బాధలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే సహాయ నంబర్లకు దారి చూపినవాడు ఒక పాస్టరే. లండన్‌లో ఆంగ్లికన్ సంఘ కాపరి, చాడ్ వారా. ఆయన పరిచర్య తొలి రోజుల్లో, 1935లో, ఒక చిన్న అమ్మాయిని సమాధి చేయాల్సి వచ్చింది. ఆడపిల్లల ఒంట్లో సహజంగా వచ్చే మార్పును చెడ్డ రోగమనుకుని ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి లేడు. ఆ సమాధి ఆయన్ను వదల్లేదు. 1953 నవంబరులో తన చర్చిలో ఒక టెలిఫోన్ పెట్టి, చావాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చేయండి అన్నాడు. సమరిటన్స్ అని దానికి పేరొచ్చింది, మంచి సమరయుని పేరు. ఆయన్ను కలవడానికి వచ్చినవాళ్లకు, వంతు వచ్చేదాకా, సంఘపు మనుషులు టీ ఇచ్చి మాట్లాడుతూ కూర్చునేవాళ్లు. కొన్నాళ్లకు ఆయనకు తెలిసింది. చాలామంది ఆ టీ తాగి, ఆ మాటలతోనే తేలికపడి, పాస్టర్‌ను కలవకుండానే ఇంటికి పోతున్నారు. చదువుకున్న సలహా కంటే వినే చెవి వాళ్లకు ఎక్కువ పనికొచ్చింది. మన దేశంలో ఇప్పుడు 14416 అనే ప్రభుత్వ నంబరుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లో ఎవరైనా ముడుచుకుపోయి ఉంటే సిగ్గుపడకండి.

ఎవరూ వినకపోతే మనుషులు ఏం చేస్తారో మన రైతులు 2019లో చూపించారు. పసుపు బోర్డు కావాలని, మద్దతు ధర కావాలని ఏళ్ల తరబడి అడిగారు, ఆర్మూర్ చౌరస్తాలో కూర్చున్నారు, అధికారులకు కాగితాలిచ్చారు. చివరికి మన లోక్‌సభ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. అందులో 170కి పైగా రైతులే. ఒక్కో బూత్‌లో 12 ఓటింగ్ యంత్రాలను వరుసగా పెట్టాల్సి వచ్చింది. గెలవాలని కాదు. తమ పేరు అక్కడ కనపడాలని. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. దాని మంచిచెడ్డలు పొలంలో ఉన్నవాళ్లు చెప్పాలి, నేను కాదు. వందల పేర్లు వరుసగా రాస్తే తప్ప చదవని పరిస్థితి ఎందుకొచ్చిందన్నదే నా ప్రశ్న.

ఇక్కడిదాకా కంపెనీలను అన్నాను. ఇక మన ఇంటి సంగతి. తీర్పు దేవుని ఇంటి నుంచే మొదలవుతుందని పేతురు రాశాడు గదా.

టీవీలో ప్రార్థన నంబర్లు వస్తుంటాయి. నేను ఒకటి చేసి చూశాను. ప్రార్థన కోసం ఒక అంకె, సాక్ష్యం కోసం ఒక అంకె, కానుక కోసం ఒక అంకె. ప్రార్థనకు నొక్కితే పాట వచ్చింది, స్తుతి పాటే లెండి. కానుకకు నొక్కితే రెండు రింగులకే మనిషి పలికాడు. ఇంతకంటే ఏం రాయను? బేతెస్ద కోనేటికి కూడా కౌంటర్లు పెట్టారు. సువార్త పేరుతో ఆ పని చేసేవాళ్లకు, బీమా కంపెనీకి చెప్పినదాని కంటే గట్టి మాట చెప్పాలి, ఎందుకంటే కంపెనీవాళ్లు తాము మంచి కాపరి సేవకులమని ఎన్నడూ చెప్పుకోలేదు.

ఇది కూడా సులువైన మాటే. దూరంగా ఉన్న పెద్ద పరిచర్యలను అనడం పల్లె పాస్టర్లకు అలవాటే. నా సంగతి చెబుతాను.

పోయిన సంవత్సరం వానాకాలంలో, రాత్రి తొమ్మిదిన్నరకు మన సంఘంలో ఒక యువకుడు నాకు ఫోన్ చేశాడు. నేను ఆదివారం ప్రసంగం వీడియో ఎడిటింగ్‌లో ఉన్నాను. సైలెంట్‌లో ఉంది, వెలుగు కనపడింది, పేరూ కనపడింది. తర్వాత చేద్దామనుకున్నాను. రెండోసారి చేశాడు. మూడోసారి వాట్సాప్‌లో రాశాడు, అమ్మకు బాగలేదు అయ్యగారూ అని. నేను జోడించిన చేతుల బొమ్మ ఒకటి పెట్టి, ప్రార్థిస్తున్నాను బ్రదర్ అని రాశాను. నిజం చెబుతున్నాను, ప్రార్థన కూడా అర నిమిషమే చేశాను, కళ్లు స్క్రీన్ మీదే పెట్టి. ఆ రాత్రి వాడు ఒక్కడే ఆటోలో తల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని నిజామాబాద్ బయల్దేరాడు. దారిలోనే ఆమె ఊపిరి ఆగింది. పక్కన ఇంకో మనిషి లేడు. నేను తెల్లారి వెళ్లాను. సమాధి కార్యక్రమం బాగానే చేశాను. యోహాను 11 నుంచి ఆదరణ వాక్యం చెప్పాను, అందరూ బాగుందన్నారు.

నలభై రోజులయ్యాక వాడిని క్షమాపణ అడిగాను. వాడు కోపపడలేదు. "మీరు పనిల ఉన్నరేమో అనుకున్న అయ్యగారూ" అన్నాడు.

పనిలో ఉన్నాడేమో. ఏలీయా బయలును ఎగతాళి చేసిన మాట! వాడు ఎగతాళిగా అనలేదు, నన్ను కాపాడటానికి అన్నాడు. అందుకే ఇంకా ఎక్కువగా తగిలింది. చింతిస్తున్నామన్న గడిలో నేనూ టిక్ పెట్టినవాడినే. నా జీతంలో కోత పెట్టేవాడు లేడు, నిమిషాలు లెక్కపెట్టేవాడు లేడు, నా మీద ఏ సూపర్‌వైజరూ లేడు. మాదాపూర్‌లో ఉన్న బిడ్డకు చెప్పుకోవడానికి కారణమైనా ఉంది. నాకేముంది? ఎడిటింగ్.

మీరు కూడా తప్పించుకోలేరు. మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరైనా మరణవార్త పెడితే పది నిమిషాల్లో నలభై చేతుల బొమ్మలు వస్తాయి. ఆ ఇంటికి వెళ్లి చాప మీద కూర్చునేవాళ్లు ఎంతమంది? మన ముందటివాళ్లు వంట చేసి గిన్నెలు పట్టుకుపోయేవాళ్లు. మాట్లాడటం రాకపోతే ఊరికే కూర్చునేవాళ్లు. యోబు స్నేహితులు నోరు తెరిచి పాడుచేశారు గాని, మొదటి ఏడు రోజులు నేల మీద నోరు మూసుకుని కూర్చున్నారు, అది మాత్రం సరిగ్గానే చేశారు. పిల్లలు బెంగళూరులో, దుబాయిలో ఉండి, ముసలి తల్లికి నెల నెలా ఫోన్ పే కొట్టి, మాట్లాడటానికి మాత్రం ఆదివారం రాత్రి ఐదు నిమిషాలు లెక్కగట్టేవాళ్లు మన బల్లల మీదే ఉన్నారు. ఏవరేజ్ టైమ్ ఎవరు పెట్టారు మనకు?

పెద్దమ్మ సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను, చాలామంది అడుగుతున్నారు. ఫోన్ చేయడం మానేశాం. తెల్ల కాగితం మీద చేతితో ఫిర్యాదు రాశాం. పాలసీ నంబరు, మరణ తేదీ, మరణ ధృవీకరణ పత్రం నకలు, నామినీ ఆధార్ నకలు జతచేసి, కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఫిర్యాదుల అధికారి పేరిట ఆర్మూర్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టులో పంపాం. రాతపూర్వకంగా ఇచ్చిన నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, నామినీయే స్వయంగా అడగవచ్చు. ఇలాంటి కష్టం ఇంకెవరికైనా ఉంటే కాగితాలు తీసుకుని రండి, కూర్చుని రాద్దాం. ఫిర్యాదు మీద సంతకం పెట్టమంటే పెద్దమ్మ వేలిముద్ర వేస్తానంది. తునికాకు కత్తిరించి కత్తిరించి అరిగిపోయిన బొటనవేలు, గీత ఒక్కటీ పడలేదు. నాలుగుసార్లు వేసింది. చివరికి నేను చెయ్యి పట్టుకుంటే తన పేరు రాసింది, ఆరు అక్షరాలు, చాలాసేపు పట్టింది.

నెల నిండేది వచ్చే నెల 14న, మంగళవారం. జవాబు రాకపోతే ఆ మర్నాడు ఉదయం 6 గంటల బస్సుకు మేమిద్దరం హైదరాబాద్ వెళతాం. ఆమెకు బస్సులో కడుపులో తిప్పుతుంది, కాబట్టి తోడుగా ఒక సహోదరి ఎవరైనా వస్తే మంచిది. వచ్చేవాళ్లు నాకు ఫోన్ చేయండి. ఎడిటింగ్ పని ఇప్పుడు పగలు చేస్తున్నాను, రాత్రి ఫోన్ మోగేటట్టే ఉంచుతున్నాను.